హద్దుకు కూడా ఒక హద్దు ఉంటది

ఈ పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపిక చేసుకొని చదవండి. ఈసారి విత్తనాల గురించి కాదు, మందుల గురించి కాదు, రాజ్యాంగం గురించి. "అది వకీళ్ల పని, మనకెందుకన్నా" అని పక్కకు పెట్టకండి. మనం కూర్చునే రోడ్డు, మన నాట్లకు వచ్చే కూలీలు, మన పట్టా భూమి, ఈ మూడూ అందులోనే ఉన్నాయి.

ముందు మా ఊళ్లో జరిగింది చెప్తా.

మొన్నటి యాసంగి వడ్లు. కొనుగోలు కేంద్రంలో కుప్పలు పోసి ఇరవై రోజులైంది. కాంటా అయిన బస్తాలు కూడా లారీలు రాక అక్కడే పడి ఉన్నాయి. ఒక రాత్రి గాలివాన కొట్టింది. టార్పాలిన్లు లేచిపోయాయి. మూడు రోజులు పోయాక చూస్తే కుప్పల అడుగున మొలకలు. కడుపు మండి నూట యాభై మందిమి పోయి మెయిన్ రోడ్డు మీద కూర్చున్నాం. రెండు ట్రాక్టర్లు అడ్డం పెట్టినం. అందులో ఒకటి నాదే.

గంటకు పోలీసులు వచ్చారు. వచ్చిన సారు ఒకటే మాట: "144 ఉన్నది, లేవుండ్రి." నేను లేచి, "ఆ ఆర్డర్ కాయితం ఒకసారి చూపించండి సార్" అని అడిగిన. "నీకు చూపియ్యాల్నా? లేవకుంటే లోపలేస్త" అన్నడు. ఇటు మా పిల్లగాడొకడు గట్టిగా, "రాజ్యాంగం మాకు హక్కిచ్చింది, ఎవ్వరొచ్చినా కదిలేది లేదు" అన్నడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టిన.

ఆ చప్పట్లు ఆగకముందే వెనక ఆగిపోయిన బండ్ల వరుసలోంచి ఒక పెద్దమ్మ ఉరుక్కుంటూ వచ్చింది. పక్క తండా మనిషి. ఆటోలో కోడలికి పురిటి నొప్పులు. నా ట్రాక్టర్ తీసి, ఆ బండ్లు సర్ది, ఆటోకు దారి చేసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. తల్లీ బిడ్డా క్షేమంగానే ఉన్నారు. కానీ అది మా గొప్పతనం కాదు, వాళ్ల అదృష్టం. ఆ ఇరవై నిమిషాలు ఇప్పటికీ నాకు నిద్రలో గుర్తొస్తాయి.

ఆ రాత్రి కూర్చొని ఆలోచిస్తే నాకు అర్థమైంది ఏందంటే, ఆ రోజు రోడ్డు మీద రెండు మాటలు వినబడ్డాయి. ఒకటి, "హక్కుంది, ఎవ్వరూ ఆపలేరు." రెండోది, "సర్కారు చెప్పింది, లేవాలె, కాయితం అడగొద్దు." రెండూ తప్పే. మన ఊళ్లల్ల మాత్రం ఈ రెండు మాటలే నడుస్తున్నాయి. కోపం వచ్చినప్పుడు మొదటిది, భయం వేసినప్పుడు రెండోది. ఆ తర్వాత మా జిల్లా కేంద్రంలో తెలిసిన వకీలు సాబ్ దగ్గర కూర్చొని, ఇచ్చిన పుస్తకాలు చదివి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నా.

రాజ్యాంగంలో ఆర్టికల్ 19 ఉంది. మాట్లాడే స్వేచ్ఛ, ఆయుధాలు లేకుండా శాంతంగా గుమిగూడే స్వేచ్ఛ, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ, దేశంలో ఎక్కడైనా తిరిగే స్వేచ్ఛ, ఎక్కడైనా ఉండే స్వేచ్ఛ, నచ్చిన పని, వ్యాపారం చేసుకునే స్వేచ్ఛ, ఇవన్నీ అందులోవే. అదే ఆర్టికల్‌లో కింద, ఒక్కో స్వేచ్ఛకు ఏ కారణాల మీద పరిమితి పెట్టొచ్చో కూడా రాసి ఉంది. గుమిగూడే హక్కు మీద పరిమితి పెట్టాలంటే రెండే కారణాలు: దేశ సార్వభౌమత్వం, సమగ్రత ఒకటి, ప్రజా శాంతి ఒకటి. పని, వ్యాపారం మీదనైతే సాధారణ ప్రజల ప్రయోజనం కోసం పెట్టొచ్చు. అంటే హక్కు ఇచ్చిన చేత్తోనే హద్దు కూడా రాసిపెట్టారు. "ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గుంజుకున్నారు" అని అప్పట్లోనే విమర్శ వచ్చింది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గారు దానికి జవాబు చెప్పారు. ప్రాథమిక హక్కులు హద్దుల్లేనివన్నది పొరపాటు, అమెరికాలో కూడా అవి హద్దుల్లేనివి కావు అని అక్కడి తీర్పులతో సహా వివరించారు.

అయితే మనం గమనించాల్సిన మాట ఇంకొకటి ఉంది. రాజ్యాంగం ఊరికే "పరిమితి" అనలేదు. "సహేతుకమైన పరిమితి" అన్నది. అది కూడా చట్టం ద్వారానే పెట్టాలన్నది. ఈ రెండు మాటలే మన హక్కుకు కాపలా. పొలానికి గట్టు ఉంటది, నిజమే. పక్కోడు ఏటా నాగలి పెట్టి ఆ గట్టును మన దిక్కు జరుపుతుంటే ఊకుంటమా? గట్టు ఎక్కడుండాలో నక్షాలో ఉంటది. హక్కు మీద పెట్టే హద్దు కూడా అట్లనే. దానికీ ఒక నక్షా ఉంది.

నేను అర్థం చేసుకున్నంతలో ఆ నక్షా మూడు ప్రశ్నలు.

ఒకటి: చట్టం ఉందా? నోటి మాట చాలదు, కాయితం ఉండాలి.

రెండు: రాజ్యాంగం ఒప్పుకున్న కారణమేనా? నాయకుడు వస్తున్నాడనో, పరువు పోతుందనో అంటే అది కారణం కాదు.

మూడు: మోతాదు సరిపోయిందా? ఎకరానికి రెండు వందల మిల్లీలీటర్లు చాలిన చోట లీటరు కొడితే పురుగుతో పాటు పైరూ మాడిపోతది. కోర్టులు చూసేది కూడా ఇదే. ఏ జబ్బు కోసం పెట్టారు, దానికి ఇంత అవసరమా అని.

ఇప్పుడు ఆ మూడు ప్రశ్నలతో మా రోడ్డు సంగతి చూద్దాం. మనమింకా 144 అంటున్నాం గానీ 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో అది 163 సెక్షన్. నంబర్ మారింది, పని అదే. ఆ ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండాలి. ఇచ్చేది మెజిస్ట్రేట్ అధికారం ఉన్నవాళ్లు. పోలీసు కమిషనరేట్ ఉన్న చోట కమిషనర్‌కు ఆ అధికారం ఉంటది. మామూలుగా రెండు నెలలకు మించి నడవదు, రాష్ట్ర ప్రభుత్వం కావాలనుకుంటే ఇంకో ఆరు నెలల వరకు పొడిగించొచ్చు. 2020 జనవరిలో జమ్మూ కశ్మీర్ ఇంటర్నెట్ కేసులో సుప్రీంకోర్టు ఇట్లాంటి ఉత్తర్వులను బయటపెట్టాలని, వాటిలో కారణాలు ఉండాలని, న్యాయమైన నిరసనను నొక్కడానికి వాడొద్దని చెప్పింది. కాబట్టి ఆ రోజు నేను కాయితం అడగడం తప్పు కాదు.

కానీ సగమే చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టు. ఆ ఉత్తర్వు లేకున్నా, ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది గుమిగూడి శాంతికి భంగం కలిగేటట్టు ఉంటే, చెదిరిపొమ్మని చెప్పే అధికారం స్టేషన్ అధికారికి వేరే సెక్షన్ కింద ఉంది. నలుగురు నడిచే దారికి అడ్డం పడితే దానికీ వేరే కేసు ఉంది. 1972లో అహ్మదాబాద్ కేసులో సుప్రీంకోర్టు, వీధుల్లో సభలను పోలీసులు క్రమబద్ధం చేయొచ్చు గానీ మొత్తానికే ఆపేసే అధికారం చెల్లదన్నది. 2020 అక్టోబర్‌లో షాహీన్‌బాగ్ కేసులో అదే కోర్టు, నిరసన హక్కు ఉంది, కానీ ప్రజల దారిని ఎన్ని రోజులైనా ఆక్రమించుకొని కూర్చోవడం కుదరదన్నది. రెండు తీర్పులూ కలిపి చదివితే లెక్క తేలుతది. కూర్చునే హక్కు మనది. ఆటో పోయే దారి మనది కాదు.

ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. ఇక కొందరికి నచ్చని మాట చెప్తా.

మా దిక్కు, అంటే నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు ఊళ్లల్ల ఆడవాళ్లు బీడీలు చుట్టడం మీకందరికీ తెలుసు. నాట్లు మొదలైతే కూలీలు దొరకరు. పోయిన వానాకాలం మా ఊరి కమిటీ కూర్చుంది. ఒకాయన లేచి, "నాట్లయ్యేదాకా ఊళ్లె బీడీలు బంద్ పెట్టాలె. ఎవరు చుట్టినా జరిమానా" అన్నడు. ఇంకొకాయన, "కూలి గింతకు మించి ఇచ్చినా, తీస్కున్నా జరిమానా" అన్నడు. సిగ్గు విడిచి చెప్తున్నా, మొదటి మాటకు నేను కూడా తల ఊపిన. నాలుగెకరాల నారు ముదిరిపోతోంది, నా బాధ నాది.

తర్వాత ఆ పుస్తకాల్లో ఒక కేసు చదివి కాసేపు అట్లనే కూర్చుండిపోయిన. మేమేదో కొత్తగా కనిపెట్టినం అనుకున్న ఆలోచన, దేశంలో ఎప్పుడో చట్టం రూపంలోనే వచ్చింది. 1948లో సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. వ్యవసాయ సీజన్లో కొన్ని ఊళ్లల్ల బీడీల తయారీ ఆపించే అధికారం డిప్యూటీ కమిషనర్‌కు ఇచ్చింది. కారణం? పొలాలకు కూలీలు దొరకాలని! 1950లో మధ్యప్రదేశ్‌లోని సాగర్ జిల్లాలో ఆ అధికారం వాడి, కొన్ని ఊళ్లల్ల సీజన్ అంతా ఎవ్వరూ బీడీలు చుట్టొద్దని ఉత్తర్వు ఇచ్చారు. బీడీలు చేయించే ఒక యజమాని, చుట్టే ఒక కార్మికుడు నేరుగా సుప్రీంకోర్టుకు పోయారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

1950 నవంబర్ 8న తీర్పు వచ్చింది. కోర్టు రైతు అవసరాన్ని తీసిపారేయలేదు. పంటకు కూలీలు కావాలన్న ఉద్దేశం సరైనదే అన్నది. కానీ మోతాదు చూసింది. ఆ ఉత్తర్వు పొలం పని చేయగలిగిన వాళ్లనే కాదు, చేయలేని వాళ్లను కూడా కట్టేసింది. ముసలామె, వికలాంగుడు, ఒంట్లో బాగాలేనివాళ్లు, వీళ్లు బీడీలు ఆపినంత మాత్రాన వచ్చి నాటు వేస్తారా? వేయలేరు. ఉన్న నాలుగు రూపాయలు పోగొట్టుకుంటారు, అంతే. వ్యవసాయ కూలీల వరకే పరిమితి పెట్టినా, ఫలానా గంటల్లో బీడీ పని వద్దన్నా సరిపోయే దానికి మొత్తం బంద్ పెట్టడం సహేతుకం కాదని ఆ నిషేధాన్ని కొట్టేసింది. పని చేసుకునే హక్కు మీద హద్దు పెట్టొచ్చు, కానీ ఆ హద్దు అవసరాన్ని మించకూడదు. నా మూడో ప్రశ్న అక్కడి నుంచి నేర్చుకున్నదే.

మా వాడకట్టులో ఒక అవ్వ ఉంది. మోకాళ్లు వంగవు. గోడకు ఆనుకొని రోజంతా బీడీలు చుడుతది. మా కమిటీ మాట నెగ్గితే ఆ అవ్వకు మందుల పైసలు ఆగిపోయేవి, నా నాటుకు ఒక్క మనిషి కూడా పెరిగేది కాదు. నేను తల ఊపింది దానికి.

ఇంకో సంగతి. అక్కడ కనీసం అసెంబ్లీ చేసిన చట్టం ఉంది. మన దగ్గర ఏముంది? ఊరి కమిటీ తీర్మానం. అది చట్టం కాదు. పది మంది పెద్దమనుషులు సంతకాలు పెట్టినా చట్టం కాదు. కాబట్టి మొదటి ప్రశ్న దగ్గరే ఓడిపోతది. "కూలి పెంచితే జరిమానా", "ఆ ఇంటికి నీళ్లు, నిప్పు బంద్", "వాళ్ల పొలానికి ఎవ్వరూ పోవద్దు", ఇట్లాంటివి చేసే అధికారం రాజ్యాంగం ఏ కమిటీకీ ఇవ్వలేదు. భయపెట్టి పైసలు వసూలు చేస్తే అది నేరం. ప్రభుత్వం కాయితం లేకుండా మన మీద పడితే దౌర్జన్యం అంటాం. మనం కాయితం లేకుండా కూలోళ్ల మీద పడితే "ఊరి కట్టుబాటు" అంటామా? గట్టు ఇద్దరికీ ఒకటే.

ఇక భూమి. ఈ మాట కోసమే చాలామంది ఇక్కడిదాకా చదివి ఉంటారు.

మొదట్లో ఆస్తి హక్కు కూడా ప్రాథమిక హక్కే. 1978లో చేసిన 44వ సవరణ దాన్ని ఆ జాబితాలోంచి తీసేసింది. 1979 జూన్ 20 నుంచి అది అమల్లోకి వచ్చింది. అందుకే కొందరు, "భూమి మీద నీకు హక్కే లేదు, సర్కారు ఎప్పుడైనా గుంజుకోవచ్చు" అని భయపెడతారు. నమ్మకండి. అదే సవరణ ఆర్టికల్ 300ఎ పెట్టింది. చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోవడానికి వీల్లేదని దాని సారాంశం. హక్కు ఉన్న గది మారింది, ఇంట్లోంచి పోలేదు.

హిమాచల్ ప్రదేశ్‌లో చదువు రాని ఒక పెద్దావిడ ఉంది. 1967-68లో ఆమె భూమిలోంచి ప్రభుత్వం రోడ్డు వేసింది. నోటీసు లేదు, భూసేకరణ లేదు, పైసా పరిహారం లేదు. చుట్టుపక్కల వాళ్లు కోర్టుకు పోయి పరిహారం తెచ్చుకున్నారని తెలిశాక ఆమె కూడా కోర్టు మెట్లు ఎక్కింది. ప్రభుత్వం ఏమన్నదో తెలుసా? "అప్పుడు నోటితో ఒప్పుకుంది. పైగా ఇన్నేళ్లుగా మా కబ్జాలో ఉంది, కాబట్టి మాదే అయిపోయింది." 2020 జనవరిలో సుప్రీంకోర్టు రెండు వాదనలూ కొట్టేసింది. తన పౌరుల భూమినే కబ్జా పేరుతో సొంతం చేసుకుంటానని ప్రభుత్వం అనకూడదని చెప్పి, పరిహారం ఇప్పించింది. అప్పటికి ఆమెకు దాదాపు 80 ఏళ్లు. గెలిచింది, కానీ యాభై ఏళ్లు పోయాక.

2024 మేలో కలకత్తా మునిసిపల్ కార్పొరేషన్ కేసులో కోర్టు ఇంకా విడమర్చి చెప్పింది. భూమి తీసుకోవాలంటే ముందు నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కారణాలతో నిర్ణయం చెప్పాలి, ప్రజా అవసరం ఉండాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి, సకాలంలో పని నడపాలి, చివరిదాకా పూర్తి చేయాలి. పరిహారం ఒక్కటి ఇచ్చేస్తే చాలదు.

కాబట్టి "నా భూమి, ప్రాణం పోయినా ఇయ్య" అన్నా చట్టం ముందు నిలవదు. కాలువకో రోడ్డుకో పద్ధతి ప్రకారం అడిగితే తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఆ కాలువ నీళ్లే మనమూ తాగుతున్నాం. అట్లని "సర్కారు తలుచుకుంటే ఏం చేస్తం" అని వేలిముద్ర వేసి ఇంటికి వచ్చుడూ తప్పే. 2013 భూసేకరణ చట్టం కింద మొదటి నోటిఫికేషన్ వచ్చాక 60 రోజుల్లో కలెక్టర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు. జాతీయ రహదారి అయితే వేరే చట్టం, అక్కడ 21 రోజులే. ఈ రోజులు లెక్క పెట్టుకోండి. మన ఊళ్లల్ల భూమి పోయేది చట్టం వల్ల కొంత, గడువు దాటిపోవడం వల్ల కొంత.

"ఇవన్నీ బాగనే ఉన్నాయి గానీ సుప్రీంకోర్టుకు మనం పోగలమా?" అని మా బాబాయి అడిగిండు. సరైన ప్రశ్నే. అందరం పోలేం. ఆ హిమాచల్ పెద్దావిడ లాగా యాభై ఏళ్లు ఎదురుచూడలేం. కానీ కాయితం అడగడానికి కోర్టు అవసరం లేదు. ఉత్తర్వు నంబర్ ఎంత, తేదీ ఎంత, ఏ చట్టం కింద అని మర్యాదగా అడిగి రాసుకోవడానికి ఖర్చేం లేదు. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయ పరిమితి లోపల ఉన్నవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఎవరినైనా అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి, వకీలుతో మాట్లాడనివ్వాలి. ఇది ఆర్టికల్ 22. ఒక్కడే పోయి అడిగితే గదమాయిస్తారు. పది మంది కలిసి, చేతిలో రాసిన దరఖాస్తుతో పోతే జవాబు మారుతది. ఇది నేను చూసిన సంగతే.

ఆ పెద్దమ్మ ఉరుక్కుంటూ వచ్చిన వారం తర్వాత మేము మళ్లీ కూర్చున్నాం. లారీలు ఇంకా రాలేదు మరి. ఈసారి ముందు రోజే స్టేషన్‌లో, తహసీల్దార్ ఆఫీసులో కాయితం ఇచ్చి రసీదు తీసుకున్నాం. రోడ్డు దిగి, పక్కనున్న ఖాళీ జాగాలో కూర్చున్నాం. మొలకెత్తిన వడ్లు గంపలో పెట్టుకొని దారిన పోయే ప్రతి బండికీ చూపించినం. ఆ సారే వచ్చి చూసి, ఏమీ అనకుండా పోయిండు. మా పిల్లగాడు అదే మాట మళ్లీ అన్నడు, "రాజ్యాంగం మాకు హక్కిచ్చింది" అని. ఈసారి ఆ మాటకు ఎవ్వరూ అడ్డం చెప్పలేకపోయారు.

కమిటీ సంగతి కూడా చెప్పాలె. నేను లేచి, "మొన్న నేను తల ఊపింది తప్పు, బీడీల మీద జరిమానా వద్దు" అన్న. ఇద్దరు ముగ్గురు మొహం మాడ్చుకున్నారు. ఒకాయన ఇంకా సరిగ్గా మాట్లాడుతలేడు. ఫర్వాలేదు.

మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఎవరైనా మీ హక్కు మీద హద్దు పెడితే ఆ మూడు ప్రశ్నలు అడగండి. చట్టం ఉందా, కారణం సరైందేనా, మోతాదు మించిందా? మీరు ఇంకొకరి మీద హద్దు పెట్టబోయే ముందు అవే మూడు మిమ్మల్ని మీరు అడుక్కోండి. రెండోది కష్టం, నాకు తెలుసు.

ఇందులో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటా. మీ ఊళ్లో భూసేకరణ నోటీసు వచ్చి ఉంటే మాత్రం ఈ పోస్టు పక్కన పెట్టి, ముందు దాని మీద తేదీ చూడండి.